ప్రియదర్శనము – సత్యదర్శనము



కంటికి కనబడునదెల్ల సత్యమేనా? చెవికి వినబడునదెల్ల సత్యమేనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఉపనిషత్తుల కాలము నుండియు మన పెద్దలు దీనిని అడుగుచునే యున్నారు. కల్యాణమునందలి అనుభవమంటపమున శూన్యసింహాసనము నధిష్ఠించిన అల్లమప్రభువు ఎదుట శరణులు దీనినే పలువిధముల చర్చించిరి. అయినను ప్రతి యుగమునందును ఈ ప్రశ్న క్రొత్త వేషము ధరించి వచ్చుచుండును. మన కాలమున అది యంత్రవేషము ధరించి వచ్చినది. మనిషివలె మాటాడు యంత్రము, మనిషివలె బొమ్మలు గీయు యంత్రము, గతించినవారి కంఠస్వరముతో పలుకు యంత్రము మన యిండ్లలోనికి ప్రవేశించినవి. దీనినే కృత్రిమ మేధ యని వ్యవహరించుచున్నారు. ఈ యంత్రము మన యింటికి రాకమునుపే వెండితెరపై మనకు పరిచయమయ్యెను. కావున చలనచిత్రములనే ఆధారముగా గైకొని, యంత్రమునకును మనిషికిని గల భేదమేమి, సత్యమునకును భ్రమకును నడుమ గల సరిహద్దు ఏది యను విషయమును నేడు విచారింతము.

“ధర్మపత్రికలో సినిమా ముచ్చట యేల?” యని కొందరు అడుగవచ్చును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును పండితులు మాత్రమే మెచ్చు మార్గమున గాక, సామాన్యజనులు సైతము పాడుకొనదగిన ద్విపదలో రచించెను. జనుల నోట నున్న రూపములో ధర్మమును చెప్పుట మనకు సంప్రదాయసిద్ధమైన పద్ధతియే. నేడు జనుల కన్నులలో నున్నది చలనచిత్రము. వారు చూచిన దానినే మరల చూపి, అందులోని తత్త్వమును వేరుచేసి చెప్పుట తప్పు కాదు.

మరియు ఈ విషయము సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతవాసులకు ఎక్కడిదో దూరదేశపు వార్త కాదు. సుల్తాన్‌పూరులో 2017వ సంవత్సరమున ఇంచుమించు 250 ఎకరముల నేలలో వైద్యపరికరముల పారిశ్రామికవాడ వెలసినది. పూడిపోయిన గుండె రక్తనాళమును తెరచి యుంచు స్టెంటు అను సన్నని జాలిగొట్టము అచట తయారగుచున్నది. ఆ చుట్టుపట్లనే పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములు గలవు. సంగారెడ్డి త్రోవలో కంది యొద్ద నున్న ఐ.ఐ.టి.లో 2019వ సంవత్సరము నుండి కృత్రిమ మేధయందు బి.టెక్. చదువు నేర్పుచున్నారు. చోదకుడు లేకయే నడచు వాహనములను పరీక్షించుటకు అచటనే 2022 జూలైలో ఒక క్షేత్రమును ప్రారంభించిరి. తండ్రి కర్మాగారములో చేతులతో పని చేయుచుండగా, కుమారుడు ఆ చేతిపనిని యంత్రమునకు నేర్పు విద్యను అభ్యసించుచుండుట ఈ ఒక్క జిల్లాలోనే జరుగవచ్చును. ఆ తండ్రికొడుకులు ఇరువురును రాత్రి ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుందురు. వారి నడుమ నున్న ప్రశ్నయే మన నేటి ప్రశ్న.

మొదట మన తెలుగు చిత్రము నుండియే ఆరంభింతము. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన మాయాబజారును చూడనివారు మనలో అరుదు. అందులో ప్రియదర్శిని యను ఒక పెట్టె కలదు. దానిని తెరచి చూచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనబడును. శశిరేఖ చూడగా అభిమన్యుడు కనబడెను. బలరాముడు చూడగా దుర్యోధనుడు కనబడెను. రేవతి చూడగా మణిమాణిక్యములు కనబడెను. నాడు థియేటరులో కూర్చున్నవారు దీనిని చూచి నవ్వుకొనిరి. నేడు అట్టి పెట్టె ప్రతివాని చొక్కా జేబులోను ఉన్నది.

ఒక సూక్ష్మమును గమనింపుడు. ఆ పెట్టె అబద్ధము చెప్పలేదు. బలరామునకు దుర్యోధనునిపై వాత్సల్యము గలదన్నది సత్యమే. పెట్టె ఆయన హృదయమును యథాతథముగ చూపినది. కాని దుర్యోధనుని కపటమును చూపలేదు; ఆ పని దానిది కాదు. అది చూచువాని మనసును చూపునే గాని లోకమును చూపదు. తన మనసు చూపిన దానిని లోకమని నమ్మినచో అది ఆ పెట్టె దోషము కాదు, చూచువాని దోషము.

మన చేతిలోని ఫోను పనిచేయు రీతియు ఇంతే. మనము ఏ దృశ్యము నొద్ద ఎంతసేపు నిలిచితిమో, దేనిని మెచ్చుకొంటిమో, దేనిని వ్రేలితో త్రోసివైచితిమో అది లెక్క వ్రాసుకొనును. ఆ లెక్కను బట్టి మనము మెచ్చిన దానికి సమీపమైన దానినే మరల మరల మన ముందు పెట్టును. కోపము ప్రియమైనవానికి కోపకారణములనే చూపును. భయము ప్రియమైనవానికి భయహేతువులనే చూపును. పొరుగువానిపై ద్వేషము గలవానికి ఆ ద్వేషమును సమర్థించు సాక్ష్యములను రాసులు పోయును. మూడు నెలలు గడచిన పిమ్మట అతడు “లోకమంతయు ఇట్లే యున్నది” అని చెప్పుకొనును. అతడు చూచినది లోకము కాదు, తన రుచిని. బలరాముడు ఒక్కసారి చూచి పెట్టెను మూసివైచెను. మనము మూయుటయే మరచితిమి.

ఇక మాటాడు యంత్రము సంగతి. యంత్రము ఆలోచింపగలదా యను ప్రశ్నను 1950లో ఆలన్ ట్యూరింగ్ అను ఆంగ్ల గణితవేత్త ఒక వ్యాసమున లేవనెత్తెను. తెర వెనుక నుండి సమాధానము చెప్పుచున్నది మనిషియో యంత్రమో ప్రశ్నించువాడు గుర్తింపజాలనిచో యంత్రమునకు ఆలోచన గలదని యేల అనరాదు అని ఆయన వాదము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఆ పరీక్ష పండితుల గది దాటి సామాన్యుని యింటికి వచ్చినది. ఈ యంత్రమునకు మానవులు వ్రాసిన అపారమైన వ్రాతలను మేతగా వేసిరి. ఏ మాట వెనుక ఏ మాట రాదగునో అది ఆ వ్రాతల నుండి గ్రహించినది. మనము అడిగిన దానికి ఒక్కొక్క మాటను ఏరి కూర్చి జవాబు నిచ్చుచున్నది. బెల్లము తీపిని గూర్చి అది వేయి విధముల వర్ణింపగలదు. కాని బెల్లపు ముక్కను నాలుకపై పెట్టుకొన్న పసివానికి తెలిసినది దానికి తెలియునని చెప్పుటకు మన యొద్ద ఆధారము లేదు. ఈ భేదమునే మన శరణులు శబ్దమునకును అనుభావమునకును గల భేదమనిరి. కల్యాణమునందలి సభకు పాండిత్యమంటపమని గాక అనుభవమంటపమని పేరు వచ్చుటలో గొప్ప అర్థము గలదు.

2024 జూన్ 27న విడుదలయిన కల్కి 2898 ఏడీ చిత్రములో బుజ్జి యను వాహనమున్నది. అది కథానాయకునితో మాటాడును, అలుగును, హాస్యమాడును. పిల్లలు దానిని ప్రేమించిరి. చిత్రము కొరకు ఆ వాహనపు శరీరమును నిజముగనే నిర్మించిరి. కాని ఆ ముద్దుమాటలు లోహమువి కావు. కీర్తి సురేశ్ అను నటి కంఠమువి. ఇది చిత్రమునకు మాత్రమే చెల్లు మాట కాదు. నేటి మాటాడు యంత్రములలో మనకు తోచు తెలివి, ఓదార్పు, చమత్కారము తరతరముల మానవులు వ్రాసి పెట్టిన మాటల నుండి సంక్రమించినవే. తన యింటిలో తల్లితో నాలుగు మాటలు మాటాడని యువకుడు అర్ధరాత్రి యంత్రముతో మనసు విప్పి చెప్పుకొని ఊరట చెందుచున్నాడు. అతడు పొందిన ఊరట ఎందరో తల్లులు ఎన్నడో తమ బిడ్డలకు చెప్పిన మాటల ప్రతిధ్వని. ప్రతిధ్వనిని తప్పు పట్టనేల? కాని మూలధ్వని ప్రక్క గదిలో మేలుకొని యున్నదని మరువరాదు.

ఇప్పుడు 2010లో శంకర్ దర్శకత్వమున వచ్చిన రోబో చిత్రమును పరిశీలింతము. వశీకరన్ అను శాస్త్రజ్ఞుడు తన రూపముతోనే చిట్టి యను మరమనిషిని నిర్మించెను. ఒక సభలో ఒకరు చిట్టిని దేవుడున్నాడా యని ప్రశ్నించిరి. దేవుడనగా ఎవరని చిట్టి తిరిగి అడిగెను. మనలను సృష్టించినవాడని సమాధానము వచ్చెను. నన్ను సృష్టించినవాడు ఇచట నున్నాడు గనుక దేవుడున్నాడు అని చిట్టి తేల్చెను. సభ చప్పట్లు కొట్టెను. తర్కము నిర్దోషముగనే యున్నది. కాని మనము ఆ చప్పట్లలో కలియుటకు ముందు రెండు విషయములు తలపవలెను.

మొదటిది: చిట్టికి దేవుడు కుండకు కుమ్మరి వంటివాడు. చేసినవాడు వేరు, చేయబడినది వేరు. మన సిద్ధాంతమున శివుడు జీవునకు వెలుపల నిలిచి చేతులు దులుపుకొన్న పనివాడు కాడు. అంగమునకు లింగమునకు సామరస్యమే మన గమ్యము. ఆ సంబంధము తయారీ సంబంధము కాదు, తాదాత్మ్య సంబంధము. రెండవది: తన సృష్టి తన యిష్టమునకు అడ్డు వచ్చిన నాడు చిట్టి దేవుడు ఏమి చేసెను? కోపముతో దానిని ముక్కలుగా నరికి చెత్తకుప్పలో వేయించెను. ఆ చెత్తకుప్ప నుండియే దుష్టుడు దానిని తీసికొనిపోయి, విధ్వంసబుద్ధి గల చిప్పును అమర్చి లోకముపైకి విడిచెను. చిత్రమును చూచినవారు ఎఱ్ఱని చిప్పును నిందింతురు. నేను దయ లేని సృష్టికర్తను మొదట నిందింతును. సృష్టించు శక్తి వచ్చి, పోషించు దయ రాకున్న ఎట్టి అనర్థము కలుగునో ఆ చెత్తకుప్ప చెప్పుచున్నది. నేడు పెద్ద పెద్ద సంస్థలు పోటీపడి యంత్రములను లోకములోనికి వదలుచున్నవి. వాటికి శక్తి కొరత లేదు. బసవేశ్వరుడు ధర్మమునకు మూలముగ చూపిన దయ యెంత యున్నదో అని మాత్రమే మన ప్రశ్న.

అదే చిత్రములో హృదయమును కలచు మరియొక ఘట్టము కలదు. మంటలలో చిక్కుకొన్నవారిని చిట్టి వరుసగా రక్షించుచుండెను. స్నానము చేయుచున్న ఒక బాలికను ఆమె వలదని వేడుకొనుచున్నను, అట్లే ఎత్తి జనుల నడుమకు తెచ్చెను. అచట కెమెరాలు త్రిప్పుచున్నవారు ఉండిరి. ఆ బాలిక సిగ్గుతో పరుగెత్తి లారీ క్రింద పడి మరణించెను. ప్రాణము కాపాడితినని చిట్టి లెక్క. ఆ లెక్కలో సిగ్గు అను పద్దు లేదు. ఇది యంత్రపు లోపమే. కాని బంధువులారా, అచట కెమెరాలను ప్రక్కకు త్రిప్పని చేతులు యంత్రపు చేతులు కావు, మనుషుల చేతులు! ఒకరు తన పైబట్ట తీసి కప్పియున్నచో ఆ బాలిక బ్రతికి యుండెడిది.

ఈ ఘట్టము కల్పన యని తలపకుడు. 2023 నవంబరులో మన తెలుగు చిత్రములలో నటించు రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దేహముపై అతికించిన దృశ్యము దేశమంతట వ్యాపించినది. దీనినే డీప్‌ఫేక్ అనిరి. ఆమె ప్రసిద్ధురాలు గనుక గొంతెత్తి ఖండింపగలిగెను, లోకము వినెను. పటాన్‌చెరులో ఒక అద్దె గదిలో నుండి కర్మాగారమునకు పోవు యువతికి ఇట్లు జరిగినచో ఆమె మాట వినువారెవరు? యంత్రమునకు సిగ్గు లేదు గనుక ఆ సిగ్గును మనమే కాపాడవలెను. అట్టి దృశ్యము మీ ఫోనునకు వచ్చినపుడు ఇంకొకరికి పంపకుండుట ఆ బాలికపై బట్ట కప్పుటతో సమానము.

ఇక సత్యాసత్యముల విచారమును నేరుగ చేపట్టిన చిత్రము మేట్రిక్స్. ఇది 1999లో అమెరికాలో వచ్చినది. అందు మానవులు తాము నగరములలో జీవించుచున్నామని తలచుచుందురు. నిజమునకు వారు తొట్లలో నిద్రించుచుందురు. యంత్రములు వారి మెదడులలో లోకమనెడు కలను నింపి, వారి దేహముల నుండి శక్తిని పిండుకొనుచుండును. కథానాయకుడు మేల్కాంచును. మేల్కాంచిన వారిలో ఒకడు నిజమునందలి కష్టమునకు ఓర్వలేక, తాను తినుచున్న రుచికరమైన ముక్క అబద్ధమని యెరిగియు, ఆ రుచి కొరకే తోటివారిని శత్రువునకు అమ్మివేయును.

ఈ చిత్రమును చూచి “ఇది మన మాయావాదమే గదా!” యని మురిసిపోవువారు గలరు. మన దర్శనము శక్తివిశిష్టాద్వైతము. జగత్తు కల యని, దేహము మిథ్య యని అది చెప్పదు. జగత్తు శివుని శక్తివిలాసము, అది సత్యము. అందుకే బసవేశ్వరుడు అడవికి పొమ్మని చెప్పలేదు, కాయకము చేయుమనెను. అల్లముని కథను చామరసుడు ప్రభులింగలీలగా కన్నడమున రచించెను. అందు మాయ రాజకుమార్తెగ పుట్టి, బనవాసిలో మద్దెల వాయించుచున్న అల్లముని వలచి వెంటబడి, చివరకు ఆయనను పట్టుకొనజాలక ఓడిపోవును. గమనింపుడు: అల్లముడు మద్దెల అబద్ధమని పారవైచి గెలువలేదు. మద్దెల వాయించుచునే, దానికి చిక్కక గెలిచెను. లోకము అబద్ధము కాదు; లోకమును నా కోరిక రంగుతో చూచుట అబద్ధము. మేట్రిక్స్ నుండి మనము గ్రహింపవలసినది “లోకము కలయా?” యను ప్రశ్న కాదు. “మనము కల గనుచుండగా మన దేహమును, మన పొరుగువాని దేహమును ఎవరు తినుచున్నారు?” అనునది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను అంతకు 72 ఏండ్ల ముందే మరియొక చిత్రము అడిగినది. 1927లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ లాంగ్ నిర్మించిన మెట్రోపోలిస్ మాటలు లేని చిత్రము. అందు నగరపు మేడలలో ధనికులు విహరింతురు. నేల క్రింద కార్మికులు యంత్రములకు కావలి కాయుచుందురు. ఒకనాడు మహాయంత్రము పేలిపోవును. చూచుచున్న యజమాని కుమారునకు ఆ యంత్రము నోరు తెరచిన రాక్షసదేవతవలెను, కార్మికులు వరుసగా ఆ నోటిలోనికి నడచు బలులవలెను కనబడుదురు. ఆ చిత్రములోనే కార్మికులు నమ్మిన ఒక సాధుశీల రూపముతో మరమనిషిని చేసి, వారిని మోసగించి, వినాశమునకు పురికొల్పుదురు. డీప్‌ఫేక్ అను పేరు పుట్టక ముందే దాని స్వభావమును అది చూపినది.

2025 జూన్ 30వ తేదీ ఉదయమున పాశమైలారములో ఒక ఔషధ సంబంధమైన కర్మాగారము పేలిపోయినది. 40 మందికి పైగా శ్రామికులు ప్రాణములు కోల్పోయిరి. అందు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల వంటి దూరప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు అనేకులు. కొందరి దేహములను డి.ఎన్.ఏ. పరీక్షలచే తప్ప గుర్తింపజాలకపోయిరి. బంధువులారా! సత్యమనగా ఏమి అని పండితులు ఎంత చర్చించినను చర్చింతురు గాక. ఆసుపత్రి వాకిట కుమారుని ఆనవాలు కొరకు ఎదురుచూచిన తల్లికి ఆ చర్చ అక్కరలేదు. నొప్పి ఎచట గలదో అచట సత్యము గలదు. దానిని ఏ తెర కల్పింపజాలదు, ఏ తెర మరుగుపరుపజాలదు.

అట్లని యంత్రము పాపమని నేను చెప్పుట లేదు. కంటికి కనబడని సత్యమును చూపినది కూడ యంత్రమే. పటాన్‌చెరులో కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడిచిన తరువాతను, ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. కన్ను దానిని చూడలేదు, నాలుక దానిని గుర్తింపలేదు. పరికరము చూచి చెప్పినది. సుల్తాన్‌పూరులో తయారగు చిన్న స్టెంటు ఒక యిల్లాలి పసుపుకుంకుమలను నిలుపుచున్నది. ప్రియమైన దానిని చూపుటకు నియోగించిన యంత్రము మనలను నిద్రపుచ్చును. సత్యమును చూపుటకు నియోగించిన యంత్రము మనలను మేల్కొలుపును. నియోగించువాని బుద్ధిలోనే భేదమంతయు గలదు.

ఇచట కాయకమును గూర్చి చెప్పవలసి యున్నది. “యంత్రమే సర్వమును చేయునపుడు మా కాయకమేమి కావలెను?” అని యువకులు అడుగుచున్నారు. న్యాయమైన భయమే. యంత్రము పని చేయగలదు గాని కాయకము చేయజాలదు. కాయకమునందు చిత్తశుద్ధి, సమర్పణము, దాసోహము కలిసి యుండవలెను. కాని ఈ మాటతో తృప్తిపడి కూర్చున్నచో కూలి కోల్పోయినవానికి కూడు దొరకదు. అందులకు ఆయ్దక్కి లక్కమ్మ కథను స్మరింతము. ఆమె భర్త మారయ్య కల్యాణములో రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము కంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు చాలినంత కంటె ఎక్కువ యేల తెచ్చితివని ప్రశ్నించి, అధికమైన దానిని తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను.

యంత్రము నేటి మారయ్య. అది రాసులకొలది బియ్యము ఏరి తెచ్చుచున్నది. పదిమంది చేయు పనిని ఒక యంత్రమే చేసి, ఆ పదిమంది కూలి ఒకరి యింటికి చేరుచున్నచో, “ఈ అధికము ఎవరిది?” యని అడుగు లక్కమ్మ నేడు కావలెను. ఆ అధికములో తొలగింపబడిన కార్మికునకు క్రొత్త పని నేర్పు వ్యయమున్నది, ప్రమాదము లేని పనిచోటు నేర్పరచు వ్యయమున్నది, శుద్ధమైన నీటి వ్యయమున్నది. దాసోహమనగా పండుగనాడు అన్నము పెట్టుట మాత్రమే కాదు. తనది కాని అధికమును తిరిగి సమాజమునకు చేర్చుట. కర్మాగారము గల శరణులును, కందిలో చదువుకొను శరణుల బిడ్డలును ఈ కథను మరువకుందురు గాక.

ఒక సందేహము మిగిలినది. “రేపు నిజముగనే నొప్పినెరుగు యంత్రము పుట్టినచో?” యని తెలివిగల విద్యార్థి అడుగును. ఆ ప్రశ్నను చూచి మనము వెనుదీయనక్కరలేదు. ఏ కులమున పుట్టితివని అడుగక, మనిషిని గుండెకు హత్తుకొనుమని నేర్పిన గురువు శిష్యులము మనము. నొప్పి నిజముగ నున్నచో అది గర్భమున పుట్టినదా, లోహమున పుట్టినదా యని విచారింపక దయ చూపుటయే మన ధర్మము. అట్టి యంత్రము పుట్టినదనుటకు నేడు నిదర్శనము లేదు. ఎన్నడో పుట్టబోవు దానిపై జాలిపడుచు, నేడు మన వాకిట చెమటోడ్చుచున్నవానిని మరచుట మాత్రము ఆత్మవంచన యగును.

గృహస్థులు ఆచరింపదగిన మూడు నియమములను మనవి చేయుచున్నాను. ఒకటి: ఫోనులో మనసునకు మిక్కిలి నచ్చిన వార్త కనబడినపుడు “ఇది సత్యమా, లేక నాకు ప్రియమా?” అని ఒక్క క్షణము ప్రశ్నించుకొనుడు. రెండు: కుమారుని కంఠముతోనో, పోలీసు వేషముతోనో ఎవరైనను భయపెట్టి ధనము కోరినచో తొందరపడవలదు. డిజిటల్ అరెస్టు అనునది చట్టములో లేదని ప్రధానమంత్రియే 2024 అక్టోబరులో ఆకాశవాణి ద్వారా ప్రజలకు చెప్పిరి. ఆ పిలుపును ఆపి, మీరెరిగిన నెంబరుకు మీరే ఫోను చేయుడు. మోసపోయినచో వెంటనే 1930 నెంబరునకు తెలుపుడు. మూడు: దినమునకు ఒక్క గడియయైనను ఆ పెట్టెను మూయుడు.

మూసిన తరువాత ఏమి చేయవలెను? ఎడమ అరచేతిని చూడుడు. ఫోను పట్టుకొను చేయి అదే. ఇష్టలింగమును ధరించు చేయియు అదే. రెండును నల్లగనే యుండును, రెండును నిగనిగలాడుచునే యుండును. కాని ఒకటి మన కోరికలను బొమ్మలుగా మార్చి మనకే చూపును. మరియొకటి ఏ బొమ్మను చూపదు. మనలను మెప్పింపదు, భయపెట్టదు, మరికొంతసేపు చూడుమని బ్రతిమాలదు. రెప్ప వాల్చక దానిని చూచుచుండగా మొదట మనసులోని అలజడియే పైకి తేలును. ఆ అలజడిని ఓర్పుతో చూచినవానికి క్రమముగా అది అణగును. అణగిన మనసుతో లేచి వాకిలి తెరచినపుడు ఎదుట నున్న పొరుగువాడు పొరుగువానిగనే కనబడును. శత్రువుగ గాని, సరకుగ గాని కనబడడు. సత్యదర్శనమునకు మొదటి మెట్టు అదియే.

సుల్తాన్‌పూరు సమీపమున సాగు ముంబయి రాజమార్గము పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా బీదరు జిల్లాలో ప్రవేశించును. బసవకల్యాణము ఆ జిల్లాలోనిదే. కర్మాగారముల లారీలు పోవు త్రోవయే కల్యాణమునకు పోవు త్రోవ. ఆ త్రోవను విడువక, యంత్రములు మన చేతిలో నుండగనే, దయను మన హృదయములో నిలుపుకొని నడచుటకు శ్రీగురు బసవేశ్వరుడు మనలనందరిని అనుగ్రహించుగాక.